నడుస్తున్న యంత్రానికి మరమ్మతు

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సంఘంవారు నన్ను మన పాఠశాల డెబ్బయి అయిదేండ్ల ప్రస్థానాన్ని గురించి మాట్లాడమని కోరారు. ఆ విషయం నాకంటె బాగా ఎరిగినవారు ఈ వేదికపైననే నలుగురున్నారు. కనుక వారి అనుమతితో నేను వేరొక విషయాన్ని ఎన్నుకొన్నాను. ఒకసారి నెలకొల్పిన యంత్రం పాతిక ముప్పై ఏండ్లు ఆగకుండా పనిచేయవలసి ఉన్నప్పుడు, దాని లోపలి సాఫ్ట్‌వేర్‌ను మధ్యమధ్య మార్చవలసి వస్తుంది. ఆ మార్పు యంత్రాన్ని చెడగొట్టకుండా ఎలా జరగాలి అన్నదే ఆ విషయం. జూబిలీ సభలో ఇదేమి ప్రసంగమని కొందరికి తోచవచ్చును. కారణం మనవి చేస్తాను.

గత నెలలో పూర్వ విద్యార్థుల సంఘంవారు నా వద్దకు వచ్చి, ఈ ఉత్సవ సందర్భంగా పాఠశాలకు ఇరవై కొత్త కంప్యూటర్లను బహూకరించదలచామని చెప్పారు. వారి ఔదార్యానికి ఎంతగానో సంతోషించాను. ఆ సంతోషంలోనే వారిని మేడమెట్ల క్రింది గదికి తీసుకొనివెళ్లి తలుపు తీయించాను. అందులో మూడు తరాల కంప్యూటర్లు దుమ్ము పట్టి ఉన్నవి. ప్రతిదాని మీద దాత పేరు తెల్ల రంగుతో ఎంతో శ్రద్ధగా వ్రాయించి ఉన్నది. వచ్చినవారిలో ఒకరు తమ తండ్రిగారి పేరును అక్కడే చదువుకొన్నారు. ఆ క్షణాన నాకు కలిగిన సిగ్గును దాచుకోను. ఆ యంత్రాలలో సగానికి పైగా ఇనుము, తీగలు బాగానే ఉన్నవని మా ప్రయోగశాల సహాయకుడు అంటాడు. లోపలి సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది. దానిని ఎప్పటికప్పుడు సరిచూసే ఏర్పాటు ఏనాడూ ఎవరమూ చేసుకోలేదు.

ఇందులో నా తప్పులు రెండున్నవి. కొన్నేండ్ల క్రితం ఒకనాటి సాయంత్రం బడి వదిలే వేళకు, ప్రయోగశాలలోని కంప్యూటర్లన్నీ సాఫ్ట్‌వేర్‌ను మార్చుకొంటామని తెర మీద అడిగాయి. దీనిని అప్‌డేట్ అంటారు, తెలుగులో నవీకరణ అనవచ్చును. అడిగినదే తడవుగా అన్నింటికీ ఒకేసారి సరేనన్నాము. పావుగంట గడిచేసరికి కరెంటు పోయింది. బ్యాటరీ ఆదుకోలేదు. పాత సాఫ్ట్‌వేర్ సగం చెరిగిపోయి, కొత్తది సగమే వ్రాయబడి, ఆరు యంత్రాలు మరునాడు లేవలేదు. అమ్మిన సంస్థవారిని పిలిపిస్తే, "ఆ రకానికి మేము ఇప్పుడు సేవలు మానుకొన్నాము, కొత్తవి కొనుక్కోండి" అన్నారు. కోపంలో నేను చేసినది రెండవ తప్పు. ఇకమీదట ఏ యంత్రానికీ నవీకరణ చేయరాదని సర్క్యులర్ వ్రాసి సంతకం చేశాను. మా ఉపాధ్యాయులు నా మాట తూచా తప్పక పాటించారు. మూడేండ్ల తరువాత ఎవరిదో పెన్ డ్రైవ్ ద్వారా వైరస్ ఒకటి ప్రవేశించింది. అది దూరిన కంతను పూడ్చే సవరణ ఎంతో ముందుగానే వెలువడి ఉన్నది. నా సర్క్యులర్ దానిని గుమ్మం బయట నిలబెట్టింది. అప్పటికి మన పాఠశాల తొలినాటి ప్రవేశ పట్టికలను ఇద్దరు ఉపాధ్యాయినులు ఎనిమిది నెలలుగా సాయంత్రాలు కూర్చుని టైపు చేస్తున్నారు. ఆ పనంతా పోయింది. నకలు కూడా ఆ యంత్రంలోనే ఉంచుకొన్నాము. కాగితపు పట్టికలు మిగిలినవి గనుక వారిద్దరూ మళ్లీ మొదటి నుండి టైపు చేశారు. ఈ సంచికలో మీరు చూస్తున్న పూర్వ విద్యార్థుల జాబితా ఆ రెండవసారి చేసినది. వారు ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పవద్దన్నారు.

తెలియక మార్చడం ఒక ప్రమాదం. భయపడి మార్చకపోవడం మరొక ప్రమాదం. ఈ రెంటి నడుమ దారి ఏదని నేను వెతుకుతున్నప్పుడు మన పూర్వ విద్యార్థి ఒకడు సెలవులలో నన్ను చూడవచ్చాడు. కోయంబత్తూరులో యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్లను తయారుచేసే చోట పనిచేస్తున్నాడు. పదో తరగతిలో ఎక్కాలు తడబడిన పిల్లవాడే! నా గోడు విని నవ్వి, "అమ్మా, కొత్త సాఫ్ట్‌వేర్ వ్రాయడం ఒక ఎత్తు. అది ఎక్కించే మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందన్నది ఒక ఎత్తు. మాకు జీతమిచ్చేది ఈ రెండో దానికే" అన్నాడు. అతడు ఆనాడు వరండాలో కూర్చొని చెప్పినదానికి, తరువాత నేను చదివి తెలుసుకొన్నది చేర్చి మీ ముందుంచుతున్నాను.

మనం ఇంట్లో వాడే కంప్యూటర్, సెల్‌ఫోను అయిదారేండ్లకు మారిపోతాయి. మిల్లులోని యంత్రం అలా కాదు. ఈ సంగతి కోయంబత్తూరు సీమవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మన తెలుగు కుటుంబంలో 1893లో జన్మించిన జి.డి.నాయుడుగారు 1920లో ఒకే ఒక్క బస్సుతో పొళ్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. 1937లో డి.బాలసుందరం నాయుడుగారితో కలిసి ఈ గడ్డ మీదనే విద్యుత్ మోటారును తయారుచేశారు. 1962లో లక్ష్మీ మెషీన్ వర్క్స్ వెలిసి నూలు వడికే యంత్రాలను ఇక్కడే నిర్మించసాగింది. అటువంటి యంత్రం పాతిక ముప్పై ఏండ్లు పనిచేయాలనే కొంటారు. బేరింగు అరిగితే మారుస్తారు, పట్టా తెగితే కొత్తది వేస్తారు. ఆ పనికి మనుషులున్నారు, అలవాటున్నది, లెక్కల పుస్తకంలో ఒక పద్దు కూడా ఉన్నది. గడచిన రెండు మూడు దశాబ్దాలలో అదే యంత్రపు ప్రక్కన ఒక చిన్న పెట్టె వచ్చి చేరింది. అందులో ఒక కంప్యూటరున్నది. దానికి అరుగుదల కంటికి కనిపించదు గనుక పద్దు కూడా లేకపోయింది.

ఆ పెట్టెలలో ఎన్నింటిలోనో నేడు లినక్స్ ఉన్నది. కంప్యూటరు ఇనుమునకు, మనం వాడుకొనే ప్రోగ్రాములకు నడుమ ఉండి పెత్తనం చేసే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. లినక్స్‌ను 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవై ఒక్క ఏండ్ల యువకుడు మొదలుపెట్టాడు. దాని లోపలి వ్రాతను ఎవరైనా చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని నలుగురికీ పంచవచ్చును. ఒక సంస్థ మూతపడినా, మానుకొన్నా వ్రాత మన చేతిలోనే ఉంటుంది. ముప్పై ఏండ్ల యంత్రానికి ఇది చిన్న సౌకర్యం కాదు.

అయితే వ్రాత చేతిలో ఉన్నంత మాత్రాన దానిని చూచుకొనేవారు దొరకరు. లినక్స్ మూలభాగాన్ని కెర్నెల్ అంటారు. దానికి తరచుగా కొత్త కూర్పులు వస్తుంటాయి. వాటిలో కొన్నింటిని ఎన్నుకొని, వాటికి మాత్రం కొన్నేండ్లు దోషసవరణలు ఇస్తూ వస్తారు. 2023లో ఆ గడువును ఆరేండ్ల నుండి రెండేండ్లకు తగ్గించదలచామని ఆ పని చూచేవారు ప్రకటించారు. చేసే చేతులు తక్కువ, పాత కూర్పులను వాడుకొనేవారిలో సహాయపడేవారు మరీ తక్కువ అన్నది వారి బాధ. వారిని తప్పుపట్టలేను. ఆరేండ్లయినా ముప్పై ఏండ్లకు చాలదు కదా. 2016లోనే సీమెన్స్, హిటాచి, తోషిబా వంటి సంస్థలు లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో చేతులు కలిపి, విద్యుత్తు, నీరు, రైళ్లు మొదలైన ప్రజావసరాల యంత్రాలకై సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫారం అనే ఉమ్మడి ప్రయత్నాన్ని ఆరంభించాయి. తాము ఎన్నుకొన్న కెర్నెల్‌కు కనీసం పదేండ్లు సవరణలు ఇస్తామన్నది వారి సంకల్పం. మార్కెట్టులో పరస్పరం పోటీపడే సంస్థలు ఒకరి పాత సరుకును ఒకరు బాగుచేయడానికి డబ్బు వేసుకోవడం నాకు వింతగా, ముచ్చటగా తోచింది.

ఈ మాటలే నేను తల్లిదండ్రుల సమావేశంలో అంటే, తిరుప్పూరులో బనియను గుడ్డ అల్లే యూనిట్ నడుపుతున్న ఒక తండ్రి లేచి, "అమ్మగారూ, ఆడుతున్న మెషీన్‌ను ఎవరైనా ముట్టుకొంటారా? మాది పన్నెండేండ్లుగా ఆడుతున్నది. పెట్టెలో ప్రోగ్రామును ఎవడూ కదల్చలేదు" అన్నారు. ఆయన మాటలో అనుభవం ఉన్నది. గోడకు ఆనుకొని, ఏ తీగా లేకుండా, తన పని తాను చేసుకొనే యంత్రాన్ని ఊరకే కదపడం వివేకం కాదు. కాని ఆయనే మరి నాలుగు మాటల తరువాత, ఎన్ని కిలోల గుడ్డ అయినదీ ఇంట్లో కూర్చొని సెల్‌ఫోనులో చూచుకొంటున్నానని చెప్పారు. అంటే ఆ పెట్టె ఇప్పుడు ఇంటర్‌నెట్‌కు తలుపు తెరిచి ఉన్నది. పన్నెండేండ్లనాటి తాళం, ఇవాళ్టి దొంగలు! తలుపు తెరిచినవారికి తాళం మార్చే బాధ్యత కూడా వస్తుంది.

కదపకపోయినా కాలం కదులుతుంది. అందుకు ఒక తేదీ చెబుతాను, పిల్లలు వ్రాసుకోండి. 2038 జనవరి 19, మంగళవారం, ఉదయం మన గడియారంలో 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. మన బడిలో పిల్లలు ప్రార్థనకు చేరే వేళ. యూనిక్స్ సంప్రదాయపు కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుండి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ లెక్కకు ముప్పై రెండు బిట్ల చోటు మాత్రమే కేటాయించిన పాత యంత్రాలలో 214,74,83,647 వరకే అంకె పడుతుంది. పైన చెప్పిన క్షణాన ఆ చోటు నిండిపోతుంది. తరువాతి సెకనుకు ఆ యంత్రం తాను 1901 డిసెంబరులో ఉన్నాననుకొంటుంది. 2000 సంవత్సరపు వై టు కె సమస్య మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పని మీద అమెరికా వెళ్లిన తెలుగు బిడ్డలెందరో! ఇది దానికి తమ్ముని వంటిది. లినక్స్ కెర్నెల్ 2020లో వెలువడిన 5.6 కూర్పుతో ముప్పై రెండు బిట్ల యంత్రాలలోనూ ఈ గండాన్ని దాటే ఏర్పాటు సమకూర్చుకొన్నది. కాని ఆ తరువాతి కూర్పు ఎక్కిన యంత్రానికే ఆ రక్షణ, అందులోనూ పైన నడిచే ప్రోగ్రాములు కూడా దానికి తగినట్లు మారి ఉండాలి. పదిహేనేండ్ల నాడు అమర్చి మరచిపోయిన పెట్టెకు అదెవరు చేరుస్తారు? ఇవాళ అయిదో తరగతిలో ఉన్న మన పిల్లలకు ఆనాటికి ఇరవై ఏండ్లు దాటి ఉంటాయి. వారిలో ఎవరో ఒకరు ఆ వారమంతా నిద్ర లేకుండా పనిచేస్తారనిపిస్తుంది.

మార్చక తప్పదన్నప్పుడు ఎలా మార్చాలి? ఇక్కడ నాకు మన దేవాలయాల పద్ధతి గుర్తుకు వచ్చింది. పన్నెండేండ్లకొకసారి కుంభాభిషేకానికై గర్భగుడిని బాగుచేసేటప్పుడు పూజ ఆపరు. ప్రక్కన బాలాలయం కట్టి స్వామిని అక్కడ ఆవాహన చేసి, నిత్యార్చన అక్కడ సాగిస్తూ, ఇక్కడ పని చేసుకొంటారు. నమ్మదగిన నవీకరణలో కూడా సరిగా అంతే. యంత్రపు జ్ఞాపకస్థానంలో రెండు గదులుంచుతారు. మొదటి గదిలోని సాఫ్ట్‌వేర్‌తో యంత్రం తన పని తాను చేసుకొంటుండగా, కొత్తదానిని రెండవ గదిలోకి వ్రాస్తారు. వ్రాసే మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు, మొదటి గదికి ఎవరూ చేయి పెట్టలేదు గనుక. అంతా వ్రాసి, అక్షరం తప్పలేదని లెక్క సరిచూచుకొన్న తరువాతనే, ఈసారి రెండవ గది నుండి లేవమని యంత్రానికి ఒక చిన్న గుర్తు మారుస్తారు. ఆ గుర్తు మార్చడం ఒక్క వేటుతో జరగాలి. మారితే మారినట్లు, లేకపోతే లేనట్లు. మా ఆరు కంప్యూటర్లకు ఉన్నది ఒకే గది. ఉన్న ఇంటిని కూల్చి అక్కడే కొత్తది కట్టబోయాము, వాన వచ్చింది.

తరువాతది నాకు మరీ నచ్చినది. కొత్త గది నుండి లేచిన యంత్రం తాను క్షేమంగా ఉన్నానని తానే ఋజువు చేసుకోవాలి. అందులో కావలికుక్క అని పిలిచే చిన్న గడియారం ఉంటుంది. నడుస్తున్న సాఫ్ట్‌వేర్ నియమిత కాలంలో దానిని నిమురుతూ ఉండాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కడో చిక్కుబడి నిమరడం మానితే, ఆ గడియారం ఎవరి అనుమతి కోసమూ చూడక యంత్రాన్ని ఆపి మళ్లీ లేపుతుంది. ఒకటి రెండు ప్రయత్నాలు విఫలమైతే యంత్రం తనంత తాను పాత గదికి తిరిగి వెళ్లిపోతుంది. మన అవినాశి క్షేత్ర పురాణంలో మొసలి మ్రింగిన బాలుడు సుందరమూర్తి నాయనారు పాటకు తిరిగి వచ్చిన కథ మీ అందరికీ తెలిసినదే. ఆ బాలుడు గడిచిన ఏండ్ల వయస్సుతో సహా ఎదిగి వచ్చాడంటారు. యంత్రానికి ఆ భాగ్యం లేదు, అది పాత వయస్సుతోనే వస్తుంది. వస్తే చాలునని మిల్లువారు అంటారు.

మూడవది ముద్ర. పరీక్షల నాడు ప్రశ్నపత్రాల కట్ట సీలుతో వస్తుంది. ఇద్దరి సమక్షంలో సీలు చెదరలేదని చూచి సంతకం చేసిన తరువాతనే విప్పుతాము. బాటలో ఎవరైనా ఒక కాగితం మార్చి ఉంటే ఆ సీలు చెబుతుంది. సాఫ్ట్‌వేర్‌కూ అటువంటి ముద్ర గణితశాస్త్రం ఆధారంగా వేస్తారు. ఒక్క అక్షరం మారినా ముద్ర కలవదు, యంత్రం దానిని స్వీకరించదు. ముద్ర వేసే తాళపుచెవి ఎవరి వద్ద ఉన్నదన్నది కొనేవారు తప్పక అడగవలసిన ప్రశ్న. ఆ సంస్థ రేపు లేకపోతే ఆ చెవి ఏమవుతుందన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. ఈ రెండు గదుల పద్ధతిని, ముద్రను లినక్స్‌లో అమర్చుకొనేందుకు ఎస్‌డబ్ల్యుఅప్‌డేట్, రౌక్, మెండర్ వంటి సాధనాలు బహిరంగంగా లభిస్తున్నవి. మన అబ్బాయి వాటితోనే పనిచేస్తాడట.

అన్ని యంత్రాలకూ ఒకేసారి చేయరాదన్నది నాలుగవ సంగతి. ఇందులో మా పాఠశాలను మించినవారు ప్రపంచంలో ఉన్నారని 2024 జూలై 19న తెలిసి కొంత ఊరట పొందాను. ఆ రోజు క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక దోషభూయిష్టమైన ఫైలు వలన సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అవి విండోస్ యంత్రాలు, లినక్స్ కావు. అయినా పాఠం అందరిదీ. తప్పును 78 నిమిషాలలోనే గుర్తించి వెనుకకు తీసుకొన్నారు. కాని అప్పటికే పడిపోయిన యంత్రాలకు ఆ సవరణను అందుకొనే శక్తి లేదు. చాలాచోట్ల మనిషి వెళ్లి ఒక్కొక్కదానినీ చేత్తో లేపవలసి వచ్చింది. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు కలంతో వ్రాసి ఇచ్చారు. చేతివ్రాత మీద శ్రద్ధ తగ్గించవద్దని నేను పిల్లలతో ఊరకే అనను! మొదట పది యంత్రాలకు, ఒక రోజు ఆగి నూరింటికి, తరువాత మిగతావాటికి పంపి ఉంటే ఆ పదితోనే పోయేది.

మనిషి వెళ్లలేని చోటైతే? 1976 జూలై 20న అంగారకుడి మీద దిగిన వైకింగ్ 1 తొంభై రోజుల కోసం పంపినది, ఆరేండ్లకు పైగా పనిచేసింది. 1982 నవంబరులో దాని బ్యాటరీల పనిని మెరుగుపరచడానికి భూమి నుండి కొత్త ఆదేశాలు పంపారు. ఆ వ్రాత పొరపాటున ఆంటెనాను భూమి వైపు త్రిప్పే సమాచారం మీద పడింది. అది ముఖం త్రిప్పుకొన్నది. వెనుకకు రమ్మని చెప్పడానికి మన మాట వినే చెవి లేకపోయింది. మళ్లీ పలుకలేదు. దానికి జతగా మరొక కథ. 1977 సెప్టెంబరు 5న ప్రయోగించిన వాయేజర్ 1, 2023 నవంబరులో అర్థంలేని సంకేతాలు పంపనారంభించింది. దాని కంప్యూటర్లలో ఒకదాని జ్ఞాపకస్థానంలో ఒక చిప్పు చెడినదని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ చిప్పులో ఉన్న వ్రాతను ముక్కలు చేసి, మిగిలిన చోట్ల ఖాళీలలో సర్ది, అటూ ఇటూ చూపుడు గుర్తులు దిద్ది, 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్కను పంపారు. మాట చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మరి అంత. ఏప్రిల్ 20న అది సరిగా పలికింది. నలభై ఆరేండ్లనాటి యంత్రం! ఆనాటి కాగితాలు, పటాలు భద్రపరచి ఉంచారు గనుకనే అది సాధ్యమైనది. ఆ వార్త చదివిన రోజున నేను మా ప్రయోగశాల యంత్రాలకు చెందిన పుస్తకాల కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

ఇంత దూరం వెళ్లి మళ్లీ మన ఊరికి వస్తాను. అత్తికడవు - అవినాశి పథకం కోసం మన రైతులు ఎన్ని దశాబ్దాలు అడిగారో, ఎన్ని నిరాహారదీక్షలు చేశారో ఈ సభలోని పెద్దలు చెప్పగలరు. 2019లో శంకుస్థాపన జరిగి, 2024 ఆగస్టు 17న అది ప్రారంభమైనది. భవాని నదిలో కాళింగరాయన్ ఆనకట్ట దిగువ నుండి 1.5 టి.ఎం.సి. మిగులు జలాన్ని ఆరు పంపింగ్ స్టేషన్ల ద్వారా ఎత్తి, ఈరోడు, తిరుప్పూరు, కోయంబత్తూరు జిల్లాలలోని 1,045 చెరువులకు, కుంటలకు గొట్టాల ద్వారా చేర్చే పథకం ఇది. మన ఇళ్లలో కుళమనే అంటాము, చెరువనండి, ఏదైనా నీరే. చెరువుల వద్ద సౌరశక్తితో పనిచేసే పరికరాలు నీటి రాకను గమనించి దూరాన ఉన్న కేంద్రానికి తెలియజేసే ఏర్పాటున్నది. ప్రారంభోత్సవం నాడు అందరి కళ్లూ నీటి మీద ఉన్నవి. నా కళ్లు మాత్రం ఆ చిన్న పెట్టె మీద పడినవి, మెట్ల క్రింది గది మనసులో ఉన్నది గనుక.

లెక్కల ఉపాధ్యాయినిగా ఒక చిన్న లెక్క చెప్పుకొన్నాను. 1,045 చోట్ల ఉన్న పెట్టెలకు ఒక మనిషి వెళ్లి, రోజుకు పది చొప్పున సాఫ్ట్‌వేర్ మారుస్తూ వస్తే నూట అయిదు రోజులు పడుతుంది. దూరం నుండే మార్చితే ఒక్క రాత్రి. కాని ఆ ఒక్క రాత్రిలో తప్పు జరిగితే మళ్లీ నూట అయిదు రోజులు తిరగాలి, ఆ రోజులలో వాన మిగులు జలం సముద్రం వైపు సాగిపోతుంది. అందుచేత రెండు గదులు, ముద్ర, కావలికుక్క, విడతలవారీ పంపకం అన్న నాలుగింటి మీద రైతుకు కూడా హక్కున్నది. గొట్టం పగిలితే ఊరంతా చూస్తుంది, పత్రికలు వ్రాస్తాయి. పెట్టెలోని వ్రాత పాతబడితే ఎవరికీ కనిపించదు. పంపు, గొట్టం, చెరువు మన మనుమల కాలానికి కూడా నిలుస్తాయనే ప్రజాధనం వెచ్చించారు. ఆ పెట్టెను నిలబెట్టే మనుషులను కూడా అన్నాళ్లూ జీతమిచ్చి ఉంచుకోవాలి. మన పిల్లలలో కొందరైనా ఆ పనికి వెళ్లాలని నాకు ఆశ. పెద్ద పేరు రాదు. సరిగా చేసినప్పుడు ఏమీ జరగని పని అది. తల్లిదండ్రులు పిల్లల ఉద్యోగాన్ని గురించి చుట్టాలకు చెప్పుకోవడం కొంచెం కష్టమే.

ఇరవై అయిదేండ్ల క్రితం వెలువడిన మన స్వర్ణోత్సవ సంచికను గురించి ఒక్క మాట. దానిని కంప్యూటర్ మీద అక్షరకూర్పు చేయించారు. ఆ ఫ్లాపీలు నా బీరువాలో ఉన్నవి. చదివే యంత్రం దొరకడమే కష్టమైనది. దొరికి తెరిస్తే, ఆనాటి తెలుగు ఫాంటు ఇప్పుడు లేనందువలన అక్షరాలకు బదులు ఇంగ్లీషు గుర్తుల గందరగోళం కనిపించింది. నేడు తెలుగును యూనికోడ్‌లో వ్రాస్తున్నాము గనుక ఆ బాధ తగ్గింది. ఆనాడే ఎవరైనా అయిదేండ్లకొకసారి వాటిని కొత్త రూపంలోకి మార్చి ఉంటే మా టైపు పని సగం తప్పేది. తమిళనాట తెలుగు బడిని నిలబెట్టుకొంటున్న మనకు తెలుగు అక్షరం తెర మీద చెదిరిపోవడం మిగతావారికంటె కొంచెం ఎక్కువ నొప్పి కలిగిస్తుంది.

దాతలకు నా మనవి ఇది. ఇరవై కంప్యూటర్లు వద్దు, పన్నెండు చాలును. మిగిలిన ఎనిమిదింటి ధనాన్ని బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ప్రతి సంవత్సరం యంత్రాలను సరిచూచే ఏర్పాటు చేయండి. కొనేముందు అమ్మేవారిని కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద తీసుకొందాము. సవరణలు ఎన్నేండ్లు ఇస్తారు? ఎక్కించే మధ్యలో కరెంటు పోతే యంత్రం ఎలా లేస్తుంది? కొత్తది నచ్చకపోతే పాతదానికి వెళ్లే దారి ఉన్నదా? మీరు మానుకొన్ననాడు ఆ పని మరొకరు చేసేందుకు వీలున్నదా? ఒకే రకపు ప్రశ్నలు నలుగురిని అడిగితే జవాబులలోనే మనుషులు తెలిసిపోతారు. ఇక పేర్ల సంగతి. కంప్యూటర్ మీద తెల్ల రంగుతో పేరు వ్రాయించవచ్చును. వడ్డీ మీద వ్రాయించలేము, అది నాకూ తెలుసు. కావాలంటే ప్రయోగశాల గోడ మీద పలక పెట్టి, ఏ యేడు ఎవరి ధనంతో ఏ మరమ్మతు జరిగినదో ప్రతి సంవత్సరం ఒక వరుస చేర్చుదాము. ఇరవై అయిదు వరుసలకు చోటుంచమని బొమ్మలు చెక్కేవారిని అడిగాను, కుదురుతుందన్నారు.

నా పాత సర్క్యులర్‌ను రద్దు చేస్తూ నిన్న కొత్తది ఇచ్చాను. నెలలో రెండవ శనివారం ఉదయం, కరెంటు నికరంగా ఉన్న వేళ, మొదట ఒకే యంత్రానికి, నకలు వేరొక చోట ఉంచిన తరువాత నవీకరణ చేయవలెనన్నది అందులోని సారాంశం. సంఘంవారు నా మనవిని రేపు సమావేశంలో ఆలోచిస్తామన్నారు. మెట్ల క్రింది గది రేపు సాయంత్రం నాలుగు గంటల వరకు తెరిచే ఉంటుంది. చూడదలచినవారు రావచ్చును. కొంచెం దుమ్ము ఉంటుంది, చేతిరుమాలు తెచ్చుకోండి.